“నోరు లేని జీవాన్ని మాడుస్తావా?” అంటున్నారు అత్తమ్మ

ప్రశ్న: మాది హనుమకొండ. మా ఇంట్లో చిన్ని అనే ఆడ లాబ్రడార్ ఉంది. ఆరేళ్లు. పిల్లలు పుట్టకుండా మూడేళ్ల కిందట ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు 39 కిలోలు తూగుతోంది. మెట్లెక్కితే రొప్పుతోంది. 30 కిలోలకు తీసుకురావాలని పశువైద్యులు చెప్పారు. రెండు పూటలా సంచిలో వచ్చే కుక్కల ఆహారమే పెడుతున్నాం. అది కాక మా అత్తమ్మ పొద్దున టీ తాగుతూ నాలుగు, సాయంత్రం మరో నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి నెయ్యి రాసిన చపాతీ ఒకటి పెడతారు. మామయ్య పోయినప్పటి నుంచి చిన్ని ఆమె మంచం పక్కనే పడుకుంటుంది. వద్దని చెబితే “నోరు లేని జీవాన్ని మాడుస్తావా?” అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బిస్కెట్లకు బదులు ఇంట్లోనే చేసి పెట్టగలిగినవి ఏమైనా ఉన్నాయా?
— ఒక పాఠకురాలు

జవాబు:

అమ్మా, అత్తమ్మగారు ఏ పూట ఏమి పెడుతున్నారో మీరు దాచకుండా రాశారు. చాలా మంది ఇది చెప్పరు. “ఏమీ పెట్టం డాక్టరుగారూ, గాలికే లావెక్కుతోంది” అంటారు. మీరు చెప్పారు కనుక ముందు ఆ లెక్క చూద్దాం.

చిన్న గ్లూకోజ్ బిస్కెట్ ఒక్కోదానిలో సుమారు 25 కేలరీలు ఉంటాయి. ఎనిమిదింటికి 200. మధ్యాహ్నం రెండు పిడికిళ్ల అన్నం, అందులో ఒక గరిటెడు పెరుగు అనుకుంటే 250. నెయ్యి రాసిన చపాతీ 150. మొత్తం 600. ఇప్పుడు రెండో అంకె. 30 కిలోలు ఉండాల్సిన కుక్క బరువు తగ్గాలంటే రోజు మొత్తానికి ఇవ్వవలసింది సుమారు 900 కేలరీలు. అంటే రోజంతా తినవలసిన దానిలో మూడింట రెండు వంతులు గిన్నె ముట్టకముందే చిన్ని కడుపులోకి వెళ్తున్నాయి. ఆ తర్వాత రెండు పూటలా మీరు పెట్టే భోజనం. ఆపరేషన్ అయిన కుక్కకు మునుపటికన్నా తక్కువ తిండి సరిపోతుంది, ఆకలి మాత్రం తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. కొలత మార్చకపోతే మూడేళ్లలో ఇంత బరువు రావడం వింత కాదు.

అయితే చిన్నిని తిండిపోతు అని ఎవరూ అనకండి. లాబ్రడార్ల ఆకలి మీద కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ఒక సంగతి బయటపెట్టారు. ఈ జాతి కుక్కల్లో సుమారు నాలుగో వంతు వాటిలో ఆకలికి సంబంధించిన ఒక జన్యువులో కొంత భాగం లోపించి ఉంటుంది. కడుపు నిండిందనే కబురు వాటి మెదడుకు సరిగా అందదు. మీ అత్తమ్మ ముందు కూర్చుని అది అలా చూస్తున్నప్పుడు నటించడం లేదు. దానికి నిజంగానే ఆకలి అనిపిస్తూ ఉండవచ్చు. ఆ చూపు చూసి పెద్దావిడ మనసు కరగడంలో తప్పేమీ లేదు. కాబట్టి బిస్కెట్ తీసేసి చేతిని ఖాళీగా ఉంచితే కుదరదు. అత్తమ్మగారి చేతిలో ఏదో ఒకటి ఉండాలి, పొద్దునా సాయంత్రమూ టీ వేళకే ఉండాలి, చిన్ని ఆమె ఎదురుగా కూర్చుని తినాలి.

చిరుతిండి ఏదైనా రోజువారీ కేలరీల్లో పదో వంతు దాటకూడదన్నది పశువైద్యులు పాటించే కొలత. చిన్నికి అది 90 కేలరీలు. బిస్కెట్లయితే నాలుగు కూడా రావు. అదే 90 కేలరీలకు ఏమేమి వస్తాయో చూడండి. 200 గ్రాముల కీరదోస, 50 గ్రాముల క్యారెట్, చర్మం తీసి ఉడికించిన 15 గ్రాముల కోడి రొమ్ము మాంసం, నేను కింద చెప్పబోయే జొన్న రొట్టె ముక్కలు మూడు. ఇవన్నీ కలిపితే ఒక మోస్తరు స్టీలు డబ్బా నిండుతుంది. గోరంత ముక్కలుగా కోస్తే డెబ్బై ఎనభై అవుతాయి. కుక్కకు ముక్క ఎంత పెద్దదో పట్టదు. ఎన్నిసార్లు చెయ్యి చాపారు, ఎన్నిసార్లు పేరు పెట్టి పిలిచారు అన్నదే దానికి లెక్క. రోజూ రాత్రి మీరే ఆ డబ్బా నింపి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున లేవగానే అత్తమ్మగారికి ఇవ్వండి. ఇంట్లో ఎవరు పెట్టాలన్నా ఆ డబ్బాలోంచే తీసి పెట్టాలి. అది ఖాళీ అయితే ఆ రోజుకు అయిపోయినట్టే. డబ్బా ఆమె దగ్గరే ఉండనివ్వండి, ఇది ముఖ్యం. మిగతా వాళ్లు ఆమెను అడిగి తీసుకోవాలి.

ఇక చేసే పద్ధతి. అన్నిటికన్నా పనికొచ్చేది జొన్న రొట్టె. మన వైపు జొన్న పిండి తట్టడం చెప్పనక్కర్లేని విద్య. మీకు రాకపోయినా అత్తమ్మగారికి వచ్చి ఉంటుంది, ఆమెనే చేయమని అడగండి. 150 గ్రాముల తియ్య గుమ్మడిని చెక్కు తీసి, నీళ్లు పోయకుండా ఆవిరి మీద మెత్తగా ఉడికించి మెదపాలి. అందులో 100 గ్రాముల జొన్న పిండి, ఒక గుడ్డు తెల్లసొన కలిపి ముద్ద చేయాలి. ఉప్పు, బెల్లం, నూనె ఏవీ వద్దు. గుమ్మడిలో తడి ఉంటుంది కాబట్టి నీళ్లు దాదాపు అవసరం రావు. ముద్ద అంటుకుంటుంటే మరో చెంచా పిండి చల్లుకోండి. రెండు రొట్టెలు పలుచగా తట్టి, నూనె వేయకుండా పెనం మీద రెండు వైపులా కాల్చాలి. వేడిగా ఉన్నప్పుడే కత్తితో నిలువుగా అడ్డంగా గీతలు పెడితే ఒక్కో రొట్టె నలభై ముక్కలవుతుంది. ఆ ముక్కలను మళ్లీ పెనం మీద పరిచి, మంట బాగా తగ్గించి, విరిస్తే టప్పుమనే దాకా ఆరబెట్టండి. మొత్తం పిండికి కలిపి సుమారు 400 కేలరీలు, ఎనభై ముక్కలు, అంటే ముక్కకు 5. నోట్లో వేసుకుంటే కరకరమంటుంది. బిస్కెట్‌లో చిన్నికి నచ్చేది ఆ చప్పుడే అయి ఉండవచ్చు. గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటాయి. వానాకాలంలో బయట పెడితే బూజు పడుతుంది, బూజు పట్టినవి అసలు పెట్టకూడదు.

కూరగాయ ముక్కలు మొదట్లో చిన్ని ముట్టకపోవచ్చు. ఆరేళ్లుగా తీపి బిస్కెట్ తిన్న నాలుక అది. దీనికి ఒక ఉపాయం ఉంది. చర్మం తీసిన కోడి రొమ్ము మాంసాన్ని ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేకుండా నీళ్లలో ఉడికించండి. మాంసం తీసేసి ఆ నీళ్లను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పొద్దుటికి పైన తెల్లటి కొవ్వు పొర కడుతుంది. దాన్ని చెంచాతో తీసి పారేయండి. మిగిలిన నీళ్లలో క్యారెట్, బీన్స్, సొరకాయ ముక్కలు ఉడికించి వడకట్టి డబ్బాలో వేయండి. మాంసం పోగులు కొన్ని వాటి మధ్య కలిపి పెట్టండి. డబ్బా మూత తీయగానే చిన్ని ముక్కుకు కోడి వాసన తగులుతుంది, తినేది మాత్రం సొరకాయ. నేను చూసిన కుక్కల్లో పదిహేను రోజులు దాటాక కూడా మొరాయించినవి తక్కువ. ఒక జాగ్రత్త, సొరకాయ కోసిన వెంటనే మీరు ఒక చిన్న ముక్క నాలుకకు తాకించి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. చేదు సొరకాయ మనుషులకూ మంచిది కాదు.

ఎండాకాలానికి మజ్జిగ ముక్కలు బాగుంటాయి. పలుచటి మజ్జిగలో కోరిన కీరదోస కలిపి ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించండి. తాలింపు, పచ్చిమిర్చి, ఉప్పు వేయవద్దు. కొన్ని కుక్కలకు పాల పదార్థాలు పడవు, విరేచనాలు అవుతాయి. కానీ చిన్ని ఇన్నాళ్లు పెరుగన్నం తింది కాబట్టి ఇబ్బంది రాకపోవచ్చు. మధ్యాహ్నం పెరుగన్నం వేళకు అత్తమ్మగారు ఇవే పెట్టవచ్చు. గింజలు తీసిన పుచ్చకాయ, గింజలు లేకుండా బొప్పాయి రెండు మూడు ముక్కలు కూడా పరవాలేదు. ఉడికించిన గుడ్డయితే తెల్లసొన మాత్రమే పెట్టండి, 17 కేలరీలతో పోతుంది. పచ్చసొనతో కలిపితే 75 దాటుతుంది.

పెట్టకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంటి తిండి అంటే అన్నీ మంచివే అనుకుంటారు. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పాయసంలో, లడ్డూలో ఉన్న కిస్‌మిస్ అయినా అంతే. చింతపండులోనూ ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లమే ఉంటుంది, అందుకే దాన్నీ పశువైద్యులు ప్రమాదం కిందే చూస్తున్నారు. పులుసు, చారు కలిపిన అన్నం వద్దే వద్దు. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా రక్తకణాలను పాడుచేస్తాయి, కాబట్టి కోడికూర పులుసు ఒక్క చెంచా అన్నా పోయకండి. చాక్లెట్ విషం. చక్కెర లేదని రాసి ఉండే చూయింగ్ గమ్ వంటి వాటిలో వాడే జైలిటాల్ ఇంకా పెద్ద విషం. ఉడికిన ఎముక చీలి పేగుకు గుచ్చుకుంటుంది. వానాకాలంలో రోడ్డు పక్కన కాల్చి అమ్మే మక్క కంకులు తెచ్చుకుంటారు కదా, గింజలు తిన్నాక మిగిలే బెండును కుక్కకు ఆడుకోవడానికి పడేస్తారు. అది ముక్కగా మింగితే పేగులో అడ్డం పడుతుంది. కోసి తీయవలసి వచ్చిన కుక్కలను నేను చూశాను. దయచేసి బెండును చెత్తబుట్టలో మూత కింద వేయండి. సంక్రాంతికి సకినాలు, బతుకమ్మకు సద్దులు, మేడారం జాతర నుంచి తెచ్చిన బంగారం (అదే, బెల్లం), ఇవన్నీ ఇంటికొచ్చినప్పుడు చిన్ని కోసం జొన్న ముక్కలు కొంచెం ఎక్కువ చేసి పక్కన పెట్టుకోండి. పండుగ రోజు అందరూ తింటుంటే దాని చేతికి ఏమీ ఇవ్వకుండా ఉండటం మీ ఇంట్లో ఎవరి వల్లా కాదు.

భోజనం సంగతి. చిరుతిండికి 90 పోగా 810 కేలరీలు మిగులుతాయి. మీ సంచి వెనుక కిలోకు ఎన్ని కేలరీలో రాసి ఉంటుంది. 3500 అని ఉంటే రోజు మొత్తానికి 230 గ్రాములు, రెండు పూటలకూ పంచాలి. గ్లాసుతో కొలవకండి. గ్లాసు రోజురోజుకూ కొద్దికొద్దిగా నిండుతూ పోతుంది. వంటింటి ఎలక్ట్రానిక్ కాంటా మీద గ్రాముల్లో తూచండి. ఇప్పుడు పెడుతున్నదాన్ని ఒక్కరోజులో ఇంతకు దించకుండా పది రోజులు తీసుకుని తగ్గించండి. మామూలు ఆహారాన్ని ఇంత తగ్గిస్తే మాంసకృత్తులు, విటమిన్లు చాలకపోయే అవకాశం ఉంది. బరువు తగ్గడానికే తయారైన, మాంసకృత్తులు, పీచు ఎక్కువగా ఉండే ఆహారానికి మారాలా అని మీ పశువైద్యులను అడగండి. అదే రోజు థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. ఆరేళ్ల లాబ్రడార్‌లో థైరాయిడ్ మందగించడం ఉండేదే. అదే కారణమైతే ఎన్ని సొరకాయలు ఉడికించినా బరువు సరిగా దిగదు. మీకు దగ్గర్లో మామునూరులోనే పశువైద్య కళాశాల ఉంది, జగిత్యాల వైపు వాళ్లకయితే కోరుట్లలో ఉంది.

నడక గురించి రెండు మాటలు చాలు. ఇప్పుడు దాని కీళ్ల మీద తొమ్మిది కిలోల అదనపు బరువు ఉంది, పరుగెత్తించవద్దు. పొద్దున పదిహేను నిమిషాలు, సాయంత్రం పదిహేను, వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచండి. భద్రకాళి చెరువు కట్ట, వడ్డేపల్లి చెరువు కట్ట రెండూ మీకు అందుబాటులోవే. ఎండాకాలంలో పొద్దున ఆరు గంటలు కాకముందే ఇంటికి తిరిగి రావాలి. లావు కుక్కకు వడదెబ్బ త్వరగా తగులుతుంది, మన వరంగల్ ఎండకు మరీ త్వరగా. సాయంత్రం తారు రోడ్డు మీద మీ అరచేతి వెనుక భాగం ఐదు సెకన్లు ఆనించి చూడండి. మీకు చురుక్కుమంటే దాని పాదాలకూ అంతే.

ఇక్కడి నుంచి కొంచెం భాగం అత్తమ్మగారికి చదివి వినిపించండి.

పెద్దమ్మా, నమస్కారం. నా వయసు కూడా మీ వయసుకు దగ్గరే. మీరు చిన్నిని చూసుకుంటున్నట్టే నేనూ ఒక కుక్కను చూసుకున్నాను. రోజూ రాత్రి నా కంచంలో చివరి చపాతీ ముక్క దానికి. పగలంతా ఊరి కుక్కలకు వైద్యం చేసి వచ్చేవాడిని, రాత్రికి నా కుక్క మొహం చూస్తే ఆ ముక్క పెట్టకుండా ఉండలేకపోయేవాడిని. ఏడేళ్లు అలా పెట్టాను. ఒకరోజు అది మంచం మీద నుంచి దిగుతూ కీచుమంది. వెనుక కాలి మోకాలిలో నరంలాంటి కట్టు తెగిపోయింది. లావు కుక్కల్లో అది తరచూ జరిగేదే, నాకు తెలియని విషయం కాదు. ఆ తర్వాత అది నా దగ్గరికి నడిచి వచ్చేది కాదు, నేనే దాని దగ్గరికి వెళ్లేవాడిని. ఈ సంగతి నేను చాలా మందికి చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అమెరికాలో 48 లాబ్రడార్లను కూనలుగా ఉన్నప్పటి నుంచి చివరి దాకా, దాదాపు పద్నాలుగేళ్లు చూశారు. జతలుగా పెట్టి, ఒకదానికి పెట్టినదానికన్నా రెండోదానికి నాలుగో వంతు తక్కువ పెట్టారు. ఆ ఫలితాలు 2002లో వచ్చాయి. తక్కువ తిన్నవి సుమారు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కీళ్ల నొప్పులూ వాటికి ఆలస్యంగా వచ్చాయి. మీ మంచం పక్కన రెండేళ్లు ఎక్కువ, పెద్దమ్మా. మీ కోడలు చిన్నిని మాడ్చడం లేదు. జొన్న రొట్టె తట్టడం మీకు వచ్చు కదా, మీరు తట్టి పెడితే చిన్ని వద్దనదు. పొద్దున టీ తాగేటప్పుడు బిస్కెట్ ప్యాకెట్ బదులు ఆ స్టీలు డబ్బా మూత తీయండి. ఒక్కో ముక్క పేరు పెట్టి పిలిచి ఇవ్వండి. డబ్బా అయిపోయాక కూడా మీ వైపే చూస్తూ ఉంటే దాని మెడ కింద గోకండి. అది తిండి కోసమే మీ దగ్గర పడుకోవడం లేదు.

మళ్లీ మీతో, అమ్మా. అత్తమ్మగారు మొదటి వారంలో దాచి ఒకటి రెండు బిస్కెట్లు పెడతారు. చూసినా చూడనట్టు ఉండండి. ఆ ప్యాకెట్లు ఇంట్లోకి కొనడం తగ్గించండి, అంతే. పిల్లలుంటే వాళ్లకు మాత్రం గట్టిగా చెప్పవచ్చు.

బరువు తూచడం ఎలా అని మీరు అడగలేదు కానీ అందరికీ వచ్చే ఇబ్బందే. 39 కిలోల కుక్కను ఎత్తుకుని ఇంట్లోని మిషను ఎక్కలేరు. మీ వీధిలో బియ్యం దుకాణంలో బస్తాలు తూచే పెద్ద కాంటా ఉంటుంది. రెండు వారాలకోసారి ఉదయం తిండికి ముందు అక్కడికి నడిపించుకు వెళ్లండి. ప్రతిసారీ అదే కాంటా మీద తూచండి. వారానికి 400 నుంచి 800 గ్రాములు తగ్గితే చాలు, అంతకన్నా వేగం మంచిది కాదు. ఆ లెక్కన 30 కిలోలు రావడానికి సుమారు మూడు నుంచి ఐదు నెలలు పట్టవచ్చు.

కాంటా లేని రోజుల్లో మీ చేతులే చాలు. ఎడమచేతిని పిడికిలి బిగించి, కుడిచేతి వేళ్లతో కణుపుల మీద తడమండి. పక్కటెముకలు అలా గుచ్చుకుంటే కుక్క బక్కచిక్కినట్టు. ఇప్పుడు చెయ్యి చాపి అరచేతిలో వేళ్ల మొదళ్ల కింద నొక్కండి. ఎముక ఎక్కడో లోపల ఉంటుంది. చిన్ని పక్కటెముకలు ఇప్పుడు ఇలాగే తగులుతూ ఉంటాయి. చేతిని తిరగేసి, వేళ్లు చాపి ఉంచి, వెనుక వైపు తడమండి. పలుచటి చర్మం కింద ఎముకలు ఒక్కొక్కటీ తెలుస్తాయి. చిన్ని పక్కలు అలా తగిలిన రోజు చేరవలసిన చోటికి చేరినట్టు.

నెల తర్వాత కాంటా మీద వచ్చిన అంకెను నాకు రాయండి. తగ్గకపోయినా రాయండి. డబ్బాలోకి ఏమి వేస్తున్నారో, సంచిలోంచి ఎన్ని గ్రాములు పెడుతున్నారో కూడా రాస్తే, ఎక్కడ ఎక్కువ పడుతోందో కలిసి వెతుకుదాం.